స్క్రీన్ మీది ఫొటోలు, వీడియోలు క్యాప్చర్ చేయడం, వాటి కాపీరైట్: తరచుగా అడిగే ప్రశ్నలు

స్క్రీన్‌షాట్ ఎలా తీయాలి అని ఎంతమంది అడుగుతారో, తీశాక దాన్ని ఎక్కడైనా పెట్టుకోవచ్చా అని కూడా అంతమందే అడుగుతున్నారు, అవే డౌట్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట పెడుతున్నా. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశా, మీకు కావలసింది చూసుకుని వెళ్ళిపోవచ్చు. చట్టం దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఏ దేశం సంగతో అక్కడే చెప్పా. డబ్బు, కోర్టు దాకా వెళ్ళే వ్యవహారమైతే మాత్రం లాయర్‌ని కలవాల్సిందే.

## మొదలుపెట్టే ముందు

నెట్‌లో అందరికీ కనపడేలా పెట్టిన ఫొటోనే కదా, తీసుకుంటే తప్పేంటి?

వాళ్ళు పెట్టింది మనం చూడటానికి, తీసుకెళ్ళి మన పేజీలో వేసుకోడానికి కాదు. ఫొటో క్లిక్ మనిపించిన ఆ క్షణం నుంచే దాని మీద కాపీరైట్ పుడుతుంది, మామూలుగా అది తీసినవాళ్ళది, ఉద్యోగంలో భాగంగా తీస్తే చాలా దేశాల్లో కంపెనీది. కాపీరైట్ గురించి దేశాలన్నీ కలిసి చేసుకున్న 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఇప్పుడు 180కి పైగా దేశాలున్నాయి, 1908లో దాన్ని సవరించినప్పుడే రిజిస్ట్రేషన్ లాంటి లాంఛనాలేవీ అక్కర్లేదని రాసుకున్నారు. ఫొటో కింద చిన్న 'సి' గుర్తు లేదు కాబట్టి ఫ్రీ అనే మాట ఎక్కడినుంచి వచ్చిందంటే, అమెరికాలో ఒకప్పుడు ఆ నోటీసు వేయకపోతే హక్కు పోయే పరిస్థితి ఉండేది, ఆ దేశం 1989 మార్చి 1న బెర్న్‌లో చేరాక అదీ పోయింది. గుర్తు లేకపోయినా, పేరు లేకపోయినా, ఆ ఫొటోకి సొంతదారు ఉన్నాడనే అనుకోవాలి.

ఎక్కడా పెట్టను, నా కంప్యూటర్‌లో నేను చూసుకోడానికి దాచుకుంటా, అదీ తప్పేనా?

చాలా దేశాల్లో దీనికి చోటుంది. భారత కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 52 ప్రకారం సొంత వాడకం, పరిశోధన కోసం న్యాయమైన పరిధిలో వాడుకుంటే ఉల్లంఘన కాదు. అమెరికాలో 1984లో సోనీ కంపెనీ వీడియో రికార్డర్ల కేసులో, టీవీ ప్రోగ్రామ్ రికార్డు చేసుకుని తర్వాత ఇంట్లో చూసుకోవడం ఫెయిర్ యూజే, అంటే పర్మిషన్ లేకున్నా చట్టం ఒప్పుకునే న్యాయమైన వాడకమేనని సుప్రీంకోర్టు చెప్పింది, అది కూడా 5-4 తేడాతో. యూరప్‌లో చాలా దేశాలు ప్రైవేట్ కాపీకి ఒప్పుకుంటాయి, కాకపోతే ఆ కాపీ ఎక్కడినుంచి తీశారో ఆ సోర్స్ సక్రమమైనదై ఉండాలని 2014లో యూరప్ కోర్టు (యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం) తేల్చింది, అంటే పైరసీ సైట్ నుంచి తీసుకుంటే ఆ వెసులుబాటు రాదు. వంటల ఫొటో, కుట్టు డిజైన్, పాఠం స్లైడు దాచుకున్నందుకు ఎవరూ మీ వెంట పడరు. గొడవ దాదాపు ఎప్పుడూ బయట పెట్టినప్పుడే మొదలవుతుంది.

సైట్ కండిషన్లలో డౌన్‌లోడ్ చేయొద్దని ఉంది, చట్టం మాత్రం సొంతానికి పర్లేదంటోంది, ఏది నమ్మాలి?

రెండూ వేరువేరు. ఒకటి చట్టం, ఇంకోటి మీరు అకౌంట్ తెరిచేటప్పుడు ఒప్పుకున్న ఒప్పందం. కాపీరైట్ ప్రకారం మీది తప్పు కాకపోయినా ఒప్పందం దాటారని ఆ సర్వీసు మీ అకౌంట్ మూసేయొచ్చు. డబ్బు కట్టి నేర్చుకుంటున్న కోర్సుల విషయంలో ఇది బాగా గుర్తుపెట్టుకోండి, వీడియో పాఠాలు రికార్డు చేస్తూ దొరికితే మొత్తం కోర్సే పోయే ప్రమాదం ఉంది.

రైట్ క్లిక్ పనిచేయకుండా చేశారు, స్క్రీన్‌షాట్ మాత్రం వస్తోంది, తీసుకోవచ్చా?

రైట్ క్లిక్ ఆపేది పేజీలో ఉండే చిన్న స్క్రిప్టు మాత్రమే, స్క్రీన్‌షాట్ తీసేది మీ ఆపరేటింగ్ సిస్టమ్ కాబట్టి దాన్ని ఆ స్క్రిప్టు ఆపలేదు. అంతమాత్రాన పర్మిషన్ ఇచ్చినట్టు కాదు. పైగా వద్దని వాళ్ళు చెప్పకనే చెబుతున్నారు, అలాంటి ఫొటో కావాలంటే అడిగి తీసుకోవడమే మర్యాద.

ప్రింట్ తీయాలి, పెద్ద సైజు కావాలి, స్క్రీన్‌షాట్ సరిపోతుందా?

సరిపోదు. స్క్రీన్‌షాట్‌కి మీ స్క్రీన్‌లో ఎన్ని పిక్సెల్స్ ఉంటే అంతే వస్తుంది. 1920 బై 1080 స్క్రీన్ అనుకోండి, ఫుల్ స్క్రీన్ తీసినా సుమారు 20 లక్షల పిక్సెల్స్, నాణ్యమైన ప్రింట్‌కి అంగుళానికి 300 చుక్కలు కావాలి కాబట్టి అది 6.4 అంగుళాల వెడల్పు, 3.6 అంగుళాల ఎత్తు దగ్గరే ఆగిపోతుంది. అందులో బ్రౌజర్ పట్టీలు, పక్కన ఖాళీ తీసేస్తే ఇంకా చిన్నది. అసలు ఫొటో 4000 పిక్సెల్స్ వెడల్పున్నా బ్రౌజర్ దాన్ని కుదించి 800లో చూపిస్తుంటే మీకు దొరికేది ఆ 800 మాత్రమే. ఫొటో వాడుకునే హక్కు మీకు ఉంటే రైట్ క్లిక్ చేసి 'సేవ్ ఇమేజ్ యాజ్' కొట్టండి, లేదా ఫొటోని కొత్త ట్యాబ్‌లో తెరిచి పూర్తి సైజుది తీసుకోండి, అన్నిటికన్నా మంచిది తీసినవాళ్ళనే ఒరిజినల్ ఫైల్ అడగడం. పర్మిషన్, క్వాలిటీ రెండూ ఒకే మెయిల్‌తో వస్తాయి.

## ఫొటో క్యాప్చర్ చేసేటప్పుడు

విండోస్‌లో కావలసిన ముక్క వరకే ఎలా తీయాలి?

విండోస్ కీ, షిఫ్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కండి, స్క్రీన్ కొంచెం మసకబారుతుంది, మౌస్‌తో లాగి కావలసినంత వరకే పట్టుకోవచ్చు, అది క్లిప్‌బోర్డులోకి వెళ్తుంది, ఎక్కడ కావాలంటే అక్కడ పేస్ట్ చేసుకోవడమే. విండోస్ కీతో ప్రింట్ స్క్రీన్ నొక్కితే స్క్రీన్ మొత్తం తీసి పిక్చర్స్ ఫోల్డర్‌లో ఉన్న స్క్రీన్‌షాట్స్ ఫోల్డర్‌లో ఫైల్‌గా పెడుతుంది. ఒక్క విండో చాలనుకుంటే ఆల్ట్, ప్రింట్ స్క్రీన్.

మాక్‌లో అయితే?

కమాండ్, షిఫ్ట్, 3 స్క్రీన్ మొత్తానికి, కమాండ్, షిఫ్ట్, 4 ముక్కకి. ఆ 4 నొక్కాక స్పేస్ బార్ కొడితే కర్సర్ కెమెరా బొమ్మలా మారుతుంది, ఏ విండో మీద క్లిక్ చేస్తే ఆ విండో మాత్రమే నీట్‌గా వస్తుంది. ఫైల్స్ మామూలుగా డెస్క్‌టాప్ మీద పడతాయి. 2018లో వచ్చిన మాక్ ఓఎస్ వెర్షన్ మొజావే నుంచి కమాండ్, షిఫ్ట్, 5 కొడితే ఫొటో, వీడియో రెండిటి బటన్లు ఒకే పట్టీలో కనిపిస్తాయి, అదొక్కటి గుర్తుంచుకున్నా చాలు. లినక్స్ వాడేవాళ్ళకి గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లో అయితే ప్రింట్ స్క్రీన్ కీ నొక్కితే ఇలాంటి పట్టీయే వస్తుంది, 42వ వెర్షన్ నుంచి.

పేజీ చాలా పొడుగ్గా ఉంది, కింద దాకా ఒకే ఫొటోగా రావాలంటే?

దీనికి ఎక్స్‌టెన్షన్లు వెతకొద్దు, చాలా వాటికి మీరు తెరిచే ప్రతి పేజీనీ చదివే అనుమతి ఇవ్వాల్సి వస్తుంది, ఒక స్క్రీన్‌షాట్ కోసం అంత ఇవ్వడం దండగ. ఫైర్‌ఫాక్స్‌లో పేజీ మీద రైట్ క్లిక్ చేసి 'టేక్ స్క్రీన్‌షాట్' ఎంచుకుంటే పూర్తి పేజీ ఆప్షన్ ఉంటుంది. ఎడ్జ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్. క్రోమ్‌లో కొంచెం తిరగాలి, డెవలపర్ టూల్స్ తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, పి నొక్కి, వచ్చిన గడిలో స్క్రీన్‌షాట్ అని టైప్ చేస్తే ఫుల్ సైజ్ తీసే కమాండ్ కనిపిస్తుంది. కిందికి వెళ్తే గానీ ఫొటోలు లోడ్ అవ్వని పేజీలైతే ముందు ఒకసారి చివరిదాకా స్క్రోల్ చేసి వచ్చి అప్పుడు తీయండి, లేకపోతే ఖాళీ గళ్ళు వస్తాయి.

తీసిన స్క్రీన్‌షాట్‌లో అక్షరాల చుట్టూ మురికి మురికిగా ఉంటోంది, ఎందుకు?

జేపెగ్‌లో సేవ్ చేసి ఉంటారు. జేపెగ్ కెమెరా ఫొటోల కోసం చేసిన ఫార్మాట్, అక్షరాల అంచుల్లాంటి పదునైన గీతల దగ్గర అది డేటా తగ్గించబోయి మచ్చలు పెడుతుంది. అక్షరాలు, మెనూలు, చార్టులు ఉన్నవి పీఎన్‌జీలో పెట్టుకోండి, అందులో ఏదీ పోదు. మెసేజింగ్ యాప్‌లో ఫొటోగా పంపితే అది మళ్ళీ కుదిస్తుంది, అందుకే డాక్యుమెంట్‌గా పంపండి.

స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు ఇంకేమైనా రాసుకోవాలా?

రాసుకోవాలి, ఎవరూ చేయని పని ఇదే. కెమెరా ఫొటో ఫైల్‌లో తీసినవాళ్ళ పేరు, తేదీ, హక్కుల వివరాలు లోపల దాగి ఉండొచ్చు, స్క్రీన్‌షాట్ తీస్తే అవేవీ రావు, పిక్సెల్స్ మాత్రమే వస్తాయి. ఆరునెలల తర్వాత ఆ ఫొటో వాడాలనిపిస్తే ఎవరిదో, ఎక్కడిదో తెలిసే దారి ఉండదు. అందుకని తీసిన వెంటనే ఆ పేజీ అడ్రసు, తీసినవాళ్ళ పేరు, ఆ రోజు తేదీ, లైసెన్సు ఏదైనా రాసి ఉంటే అది, ఈ నాలుగూ అదే ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైల్‌లో పెట్టేయండి. అర నిమిషం పని.

## వీడియో రికార్డు చేసేటప్పుడు

ఏ సాఫ్ట్‌వేరూ వేసుకోకుండా విండోస్‌లో రికార్డు చేయొచ్చా?

చేయొచ్చు. విండోస్ 11లో ఉన్న స్నిప్పింగ్ టూల్‌లోనే ఇప్పుడు వీడియో కెమెరా బొమ్మ ఉంది, కావలసిన భాగం వరకే గీసి రికార్డు చేస్తుంది. విండోస్ 10 వాళ్ళకి విండోస్ కీ, జి నొక్కితే గేమ్ బార్ వస్తుంది, విండోస్ కీ, ఆల్ట్, ఆర్ నొక్కితే నేరుగా రికార్డింగ్ మొదలవుతుంది, ఫైల్స్ వీడియోస్ కింద క్యాప్చర్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. గేమ్ బార్‌తో ఒక చిక్కు, అది ఒక యాప్ విండోని మాత్రమే పట్టుకుంటుంది, డెస్క్‌టాప్‌నీ ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌నీ రికార్డు చేయదు.

మాక్‌లో రికార్డు చేస్తే బొమ్మ వస్తోంది గానీ సౌండ్ రావట్లేదు?

మీ తప్పేం లేదు, కమాండ్, షిఫ్ట్, 5తో వచ్చే రికార్డర్ మైక్‌లో పడే శబ్దం తీసుకుంటుంది గానీ కంప్యూటర్ లోపల మోగే శబ్దాన్ని మామూలుగా తీసుకోదు. దానికి బ్లాక్‌హోల్ లాంటి వర్చువల్ ఆడియో డ్రైవర్ వేసుకోవాలి, లేదా మాక్ ఓఎస్ 13, ఆ పైనైతే ఓబీఎస్ స్టూడియో అనే రికార్డింగ్ ప్రోగ్రామ్ వాడితే అది లోపలి శబ్దాన్ని కూడా పట్టుకుంటుంది. స్పీకర్ పెట్టి మైక్‌తో రికార్డు చేయడం వద్దు, గదిలో ఫ్యాన్ చప్పుడుతో సహా వస్తుంది.

ఓబీఎస్ వేసుకున్నా, కరెంటు పోతే గంట రికార్డింగ్ మొత్తం పోయింది, ఎలా?

స్క్రీన్ రికార్డు చేసే ఓబీఎస్ స్టూడియో ఉచితం, ఓపెన్ సోర్స్, మంచి టూల్. పోయింది ఫార్మాట్ వల్ల. మామూలు ఎంపీ4 ఫైల్‌కి కావలసిన సూచిక చివర్లో రాస్తారు, మధ్యలో ఆగిపోతే ఆ సూచిక లేక ఫైల్ తెరుచుకోదు. సెట్టింగ్స్‌లో రికార్డింగ్ ఫార్మాట్ ఎంకేవీ పెట్టుకోండి, ఎక్కడ ఆగితే అక్కడిదాకా ఉంటుంది, అయ్యాక ఫైల్ మెనూలో రీమక్స్ కొడితే క్వాలిటీ తగ్గకుండా ఎంపీ4 అవుతుంది. ఇంక సైజు విషయానికొస్తే, సెకనుకి 6 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకి దాదాపు 2.7 జీబీ, మొదలుపెట్టే ముందే డిస్కులో చోటు చూసుకోండి.

సినిమా రికార్డు చేస్తే సౌండ్ వస్తోంది గానీ స్క్రీన్ మొత్తం నల్లగా ఉంటోంది, ఏం చేయాలి?

అది డీఆర్ఎం, అంటే కాపీ తీయకుండా వేసే డిజిటల్ తాళం. సినిమాలు, సీరియళ్ళు ఇచ్చే సర్వీసులు వీడియోని తాళం వేసి పంపుతాయి, బ్రౌజర్‌లో ఆ తాళం తీసేవాటిలో గూగుల్‌ది వైడ్‌వైన్, మైక్రోసాఫ్ట్‌ది ప్లేరెడీ, యాపిల్‌ది ఫెయిర్‌ప్లే, వెబ్‌సైట్లు వాటితో మాట్లాడే పద్ధతిని 2017లో వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణంగా పెట్టింది. తాళం తీసిన బొమ్మని మిగతా ప్రోగ్రాములకి అందకుండా నేరుగా డిస్‌ప్లేకి పంపేస్తారు కాబట్టి రికార్డర్‌కి ఆ చోట నలుపే కనిపిస్తుంది. దీన్ని తప్పించే చిట్కాలు అడుగుతుంటారు, నేను చెప్పను, ఎందుకంటే ఇక్కడ కాపీ చేయడం ఒక తప్పు, తాళం పగలగొట్టడం ఇంకో తప్పు. అమెరికాలో డిజిటల్ కాపీరైట్ కోసం తెచ్చిన 1998 నాటి డీఎంసీఏ చట్టం సెక్షన్ 1201 రెండోదాన్ని విడిగా నిషేధించింది, భారత్ కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో వచ్చిన సెక్షన్ 65ఏ ప్రకారం ఉల్లంఘించే ఉద్దేశంతో చేస్తే రెండేళ్ళదాకా జైలు, జరిమానా. ఆఫ్‌లైన్‌లో చూడాలంటే ఆ సర్వీసు యాప్‌లోనే డౌన్‌లోడ్ బటన్ ఉందేమో చూడండి.

సినిమా కాదు, మామూలు డెస్క్‌టాపే నల్లగా వస్తోందంటే కారణం వేరు. రెండు గ్రాఫిక్స్ చిప్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఓబీఎస్ ఒకదాని మీద, స్క్రీన్ ఇంకోదాని మీద నడుస్తుంటే ఇలా అవుతుంది. విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్ళి ఓబీఎస్‌ని పవర్ సేవింగ్ మోడ్‌లో పెడితే సరిపోతుంది.

యూట్యూబ్ వీడియో డౌన్‌లోడ్ చేయట్లేదు, రికార్డు చేస్తున్నా అంతే, అది వేరు కదా?

హక్కుల లెక్కలో తేడా ఏమీ లేదు, ఏ దారిన వచ్చినా కాపీ కాపీనే. వాళ్ళు ఇచ్చిన బటన్ ద్వారా గానీ, రాతపూర్వక అనుమతితో గానీ, చట్టం ఒప్పుకునే చోట గానీ తప్ప కాపీ తీయొద్దని యూట్యూబ్ నిబంధనల్లో ఉంది. వాడుకోడానికే వీడియో కావాలంటే సెర్చ్ ఫిల్టర్లలో క్రియేటివ్ కామన్స్ అని ఉంటుంది, అది పెట్టి వెతకండి, పేరు చెప్పి వాడుకోవచ్చని సొంతదారులే ఒప్పుకున్న వీడియోలు అక్కడ దొరుకుతాయి.

ఆన్‌లైన్ మీటింగ్ ఎవరికీ చెప్పకుండా రికార్డు చేసుకోవచ్చా?

వద్దు. మీటింగ్ యాప్‌లో ఉన్న రికార్డ్ బటన్ నొక్కితే అందరికీ తెలుస్తుంది, బయటి రికార్డర్‌తో తీస్తే ఎవరికీ తెలియదు, సమస్యంతా అక్కడే. ఇది కాపీరైట్ కన్నా ప్రైవసీ విషయం. కాలిఫోర్నియాలో రహస్య సంభాషణ రికార్డు చేయాలంటే అందరూ ఒప్పుకోవాలి, జర్మనీలో నలుగురికీ వినిపించాలని అనని మాటల్ని అనుమతి లేకుండా రికార్డు చేస్తే క్రిమినల్ నేరం. 'నోట్స్ కోసం రికార్డు చేసుకుంటున్నా, అందరికీ ఓకేనా' అని మొదట్లోనే అడిగి, ఆ అడగడం, ఒప్పుకోవడం కూడా రికార్డింగ్‌లో ఉండేలా చూసుకోండి.

## తీసినదాన్ని బయట పెట్టేటప్పుడు

కింద 'కర్టసీ: గూగుల్' అని వేస్తే సరిపోతుంది కదా?

సరిపోదు, అసలు గూగుల్‌ది కాదు ఆ ఫొటో. గూగుల్ దాన్ని వెతికి చూపించింది అంతే. పోనీ నిజంగా తీసినవాళ్ళ పేరే వేసినా అది కృతజ్ఞత అవుతుంది గానీ పర్మిషన్ అవ్వదు. కొన్ని లైసెన్సుల్లో పేరు వేయడమే షరతు కాబట్టి అక్కడ సరిపోతుంది, మిగతా చోట్ల చాలదు. 'ఉల్లంఘించే ఉద్దేశం లేదు' అని వీడియో కింద రాసేది కూడా అంతే, దానివల్ల ఏ ఉపయోగమూ లేదు.

10 సెకన్లలోపు క్లిప్ వాడితే కాపీరైట్ పడదంట కదా?

ఏ చట్టంలోనూ అలాంటి సెకన్ల లెక్క లేదు. ఎంత వాడారన్నదానితో పాటు ఏ భాగం వాడారన్నది కూడా చూస్తారు. 1985లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక కేసులో, ఒక మాజీ అధ్యక్షుడి జ్ఞాపకాల పుస్తకం ఇంకా రాకముందే ఒక పత్రిక అందులోంచి 300 నుంచి 400 మాటలు యథాతథంగా వేసింది, పుస్తకం మొత్తంలో అది చాలా కొంచెం, అయినా పుస్తకానికి గుండెకాయ లాంటి భాగం అదేనని ఉల్లంఘన కిందే తేల్చారు. మ్యాచ్‌లో గోల్ పడిన ఆ 8 సెకన్లే చూపిస్తే జనం చూడాలనుకునేదంతా అందులోనే ఉన్నట్టు కదా, అలా ఆలోచించండి.

ఫెయిర్ యూజ్ అని అందరూ అంటారు, అసలు ఏం చేస్తే ఫెయిర్?

అమెరికాలో కాపీరైట్ చట్టం సెక్షన్ 107 నాలుగు విషయాలు చూడమంటుంది: ఎందుకు వాడారు, అసలు రచన ఎలాంటిది, ఎంత వాడారు, దానివల్ల సొంతదారు మార్కెట్ దెబ్బతింటుందా. అన్నీ కలిపి జడ్జి తూకం వేస్తారు, ముందే గ్యారంటీ ఇచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు. భారత్‌లో ఫెయిర్ డీలింగ్ అంటారు, అక్కడ అవసరాలు చట్టంలోనే రాసి ఉన్నాయి: సొంత వాడకం, పరిశోధన, విమర్శ లేదా సమీక్ష, వర్తమాన సంఘటనల రిపోర్టింగ్. బెర్న్ ఒప్పందం కూడా సక్రమంగా బయటికొచ్చిన రచన నుంచి అవసరం మేరకే, సోర్స్, పేరు చెప్పి ఉటంకించుకోనిస్తుంది.

ఒక సినిమాలో లైటింగ్ గురించి మీరు 12 నిమిషాల వీడియో చేస్తున్నారనుకోండి. ఒక సీన్ నుంచి రెండు స్టిల్స్ పెట్టి, వెలుగు ఎడమనుంచి ఎలా పడుతోందో బాణం గీసి చూపించి, దాని గురించి నిమిషం సేపు మాట్లాడితే ఆ బొమ్మలు లేకుండా మీ మాట అర్థం కాదు, మీ వీడియో చూసి సినిమా చూడటం ఎవరూ మానరు, ఇది గట్టి వాదనే. అదే వీడియోలో సీన్ మొత్తం నాలుగు నిమిషాలు ప్లే చేసి చివర్లో 'భలే ఉంది కదా' అంటే అది సమీక్ష కాదు, జనం వచ్చింది సీన్ కోసమే. నేను చూసుకునే పరీక్ష ఒకటే, ఆ బొమ్మ తీసేస్తే నా వాక్యం కూలిపోతుందా? కూలిపోకపోతే అది అలంకారం, అలంకారానికి పర్మిషన్ ఉన్న ఫొటో వాడుకోవాలి.

స్కూల్ ప్రాజెక్టు కోసమే కదా, చదువుకి ఏదైనా వాడుకోవచ్చు కదా?

క్లాసు గదిలో చూపించడానికి చాలా దేశాలు వెసులుబాటు ఇస్తాయి, భారత చట్టంలో కూడా బోధన సందర్భంగా టీచరు, విద్యార్థి వాడుకోడానికి మినహాయింపు ఉంది. కానీ అదే ప్రాజెక్టుని వెబ్‌సైట్‌లో పెట్టేసరికి కథ మారుతుంది. జర్మనీలో ఒక విద్యార్థిని స్పానిష్ క్లాసు ప్రెజెంటేషన్ కోసం ఒక ట్రావెల్ సైట్ నుంచి కోర్డోబా నగరం ఫొటో తీసుకుంది, కింద ఆ సైట్ పేరు కూడా రాసింది, స్కూలు ఆ ప్రెజెంటేషన్‌ని తన వెబ్‌సైట్‌లో పెట్టింది. ఫొటోగ్రాఫర్ నేను ఆ ట్రావెల్ సైట్‌కి మాత్రమే ఇచ్చానన్నాడు. 2018 ఆగస్టు 7న యూరప్ కోర్టు ఆయన మాటే నిలబెట్టింది, ఒక సైట్‌లో అందరికీ కనపడుతున్నా సరే, కాపీ తీసి ఇంకో సైట్‌లో పెట్టడం కొత్తగా ప్రచురించినట్టే, అందుకు మళ్ళీ అనుమతి కావాలి అని. లింక్ ఇచ్చి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

వాటర్‌మార్క్ క్రాప్ చేసి, ఫొటోని తిరగేసి, ఫిల్టర్ వేస్తే కొత్తది అయినట్టేనా?

కాదు, ఇంకా ఎక్కువ ఇరుక్కుంటారు. మార్పులు చేసే హక్కు కూడా సొంతదారుదే. పేరు, లోగో తీసేయడం అమెరికాలో డీఎంసీఏ చట్టం సెక్షన్ 1202 కింద, భారత్‌లో కాపీరైట్ చట్టం సెక్షన్ 65బీ కింద విడిగా తప్పు. అన్నిటికన్నా ముఖ్యంగా, తెలియక చేశానని చెప్పుకునే దారి పోతుంది.

సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పడానికి దాని స్క్రీన్‌షాట్లు పెట్టొచ్చా?

పాఠం చెప్పడానికి పెట్టేవాటిని చాలా కంపెనీలు పట్టించుకోవు, కొన్ని పెట్టుకోవచ్చని తమ పేజీల్లోనే రాస్తాయి, ఒకసారి చూసుకోండి. మ్యాప్ స్క్రీన్‌షాట్ అయితే కింద మూల ఉండే పేర్లు కత్తిరించొద్దు, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ లాంటి ఉచిత మ్యాప్‌లకి ఆ పేరు ఉండటమే షరతు. ఇంకో విషయం, పోస్ట్ చేసేముందు మూలల్లో చూడండి, మెయిల్ ఐడీ, తెరిచి ఉన్న ట్యాబ్‌ల పేర్లు, నోటిఫికేషన్లు కనపడుతుంటాయి. దాచాలంటే పైన నిండు నల్ల డబ్బా పెట్టండి, బ్లర్ చేస్తే కొన్నిసార్లు వెనక్కి చదివేయగలరు.

ఒకరు నాకు పంపిన మెసేజ్‌ల స్క్రీన్‌షాట్ నాదే కదా?

తీసింది మీరు, రాసింది వాళ్ళు. ఉత్తరం కాగితం అందుకున్నవాళ్ళదైనా అందులో రాసిన మాటల మీద హక్కు రాసినవాళ్ళదే. మెసేజ్‌ల మీద కాపీరైట్ కేసులు అరుదు గానీ ప్రైవసీ, పరువు నష్టం గొడవలు మాత్రం నిజంగా వస్తాయి. బెదిరింపు మెసేజ్ అయితే నలుగురిలో పెట్టడం కన్నా దాచిపెట్టి పోలీసులకి ఇవ్వడం మంచిది.

కాపీ చేయకుండా ఎంబెడ్ చేస్తే?

నా సలహా ఎప్పుడూ ఇదే. ఎంబెడ్ అంటే కాపీ తీయకుండా వాళ్ళ వీడియోనే మీ పేజీలో కనపడేలా కోడ్ పెట్టడం, అలా చేస్తే వీడియో వాళ్ళ సర్వర్ నుంచే వస్తుంది, వ్యూస్ వాళ్ళకే వెళ్తాయి, వాళ్ళు తీసేస్తే మీ పేజీలోనూ పోతుంది. యూరప్ కోర్టు 2014 నుంచి, సక్రమంగా అందరికీ పెట్టినదాన్ని ఇలా చూపించడం సాధారణంగా ఉల్లంఘన కాదనే చెబుతోంది. అమెరికాలో మాత్రం కోర్టులు రెండు రకాలుగానూ తీర్పులిచ్చాయి. పైరసీ కాపీని ఎంబెడ్ చేస్తే ఈ రక్షణ ఎక్కడా రాదు.

పాత ఫొటో, తీసినాయన ఎప్పుడో పోయారు, ఇప్పుడు ఎవరిదీ కాదు కదా?

పోయి ఎన్నేళ్ళయిందో లెక్కేయాలి. యూరప్‌లో రచయిత పోయాక 70 ఏళ్ళు, భారత్‌లో 60 ఏళ్ళు. అమెరికాలో పాతవాటికి ప్రచురించిన ఏడాది నుంచి 95 ఏళ్ళు, అందుకే 1930లో అక్కడ ప్రచురించినవి 2026 జనవరి 1న పబ్లిక్ డొమైన్‌లోకి, అంటే కాపీరైట్ తీరిపోయి ఎవరైనా వాడుకోగలిగే స్థితిలోకి వచ్చాయి. వందల ఏళ్ళనాటి పెయింటింగ్‌ని ఉన్నదున్నట్టు ఫొటో తీస్తే ఆ ఫొటోకి కొత్త కాపీరైట్ రాదని అమెరికాలో 1999లో ఒక కోర్టు చెప్పింది, యూరప్ 2019లో చట్టంలోనే పెట్టింది. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరిలో తన దగ్గరున్న పబ్లిక్ డొమైన్ కళాఖండాల ఫొటోలన్నీ షరతుల్లేకుండా వదిలేసింది. నాసా తీసిన ఫొటోలకి కూడా సాధారణంగా కాపీరైట్ ఉండదు, లోగోలు మాత్రం వాడుకోకూడదు. ఇవన్నీ పెద్ద సైజులో డౌన్‌లోడ్ చేసుకోడానికే పెట్టారు, వాటికి స్క్రీన్‌షాట్ తీయడం ఎందుకు.

క్రియేటివ్ కామన్స్ అంటే పూర్తిగా ఫ్రీనా?

షరతులతో ఫ్రీ. సొంతదారులు తమ రచనని ఇతరులు వాడుకోవచ్చని ముందే చెప్పే రెడీమేడ్ లైసెన్సులివి. 2002 డిసెంబర్‌లో మొదటి లైసెన్సులు వచ్చాయి. 'బై' అంటే పేరు చెప్పాలి, 'ఎస్ఏ' అంటే మీరు మార్చి చేసినదాన్ని కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి, 'ఎన్‌సీ' అంటే వ్యాపారానికి వద్దు, 'ఎన్‌డీ' అంటే మార్చి పంచకూడదు. 'సీసీ జీరో' అయితే ఏ షరతూ లేదు. ఫొటో కింద ఇలా రాస్తే చాలు: ఫొటో పేరు, తీసినవాళ్ళ పేరు, అసలు పేజీకి లింక్, లైసెన్సు పేరుకి లింక్, మార్చి ఉంటే 'క్రాప్ చేశాం' అని. పేరు వేయడం మర్చిపోతే లైసెన్సు రద్దవుతుంది, కాకపోతే 4.0 వెర్షన్‌లో తప్పు తెలిసిన 30 రోజుల్లోపు దిద్దుకుంటే లైసెన్సు తిరిగి వస్తుంది. పాత వెర్షన్లలో ఆ అవకాశం లేదు, అందుకే 2.0 ఉన్న ఫొటోల దగ్గర మరీ జాగ్రత్త.

పర్మిషన్ ఎలా అడగాలి, జవాబిస్తారా అసలు?

ఇస్తారు, మీరనుకున్నదాని కన్నా ఎక్కువమంది ఇస్తారు, ముఖ్యంగా సొంతంగా ఫొటోలు తీసేవాళ్ళు అడిగినందుకే సంతోషిస్తారు. పొట్టిగా, స్పష్టంగా రాయండి: 'నమస్కారం, మీరు ఫలానా పేజీలో పెట్టిన వంతెన ఫొటో చూశాను. పాత వంతెనల గురించి నేను రాస్తున్న వ్యాసంలో, నా సైట్‌లో, ఒక్కసారి వాడుకోవాలనుకుంటున్నాను. ప్రకటనలేవీ లేవు. మీ పేరు, మీ పేజీ లింక్ కింద వేస్తాను. మీకు సమ్మతమేనా? ఉంటే పెద్ద సైజు ఫైల్ పంపగలరా?' ఏ ఫొటో, ఎక్కడ, ఎందుకు, డబ్బు వస్తుందా లేదా, ఇవి ఉంటే చాలు. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు, ఇంకో ఫొటో చూసుకోండి. వచ్చిన జవాబుని మాత్రం డిలీట్ చేయొద్దు.

## గొడవ వచ్చినప్పుడు

యూట్యూబ్‌లో క్లెయిమ్ వచ్చింది, ఛానెల్ పోతుందా?

క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. కంటెంట్ ఐడీ క్లెయిమ్ అంటే మీ వీడియోలో వాళ్ళ పాటో బొమ్మో ఉందని మెషీన్ పట్టుకుంది, చాలాసార్లు ఆదాయం వాళ్ళకి వెళ్తుంది లేదా వీడియో బ్లాక్ అవుతుంది, అంతవరకే. స్ట్రైక్ అంటే సొంతదారు చట్టప్రకారం తీసేయమని అడిగారు, 90 రోజుల్లో మూడు పడితే ఛానెల్ పోవచ్చు. మీది నిజంగా సమీక్షో విమర్శో అయితే కౌంటర్ నోటిఫికేషన్ ఇవ్వొచ్చు, అప్పుడు అవతలివాళ్ళు 10 పనిదినాల్లో కోర్టుకి వెళ్ళినట్టు చూపించాలి, లేకపోతే వీడియో తిరిగి వస్తుంది. అందులో మీ అసలు పేరు, అడ్రసు ఇవ్వాలి, అవి అవతలివాళ్ళకి చేరతాయి, కోపంలో ఉన్నప్పుడు పంపొద్దు.

ఫొటో వాడినందుకు డబ్బు కట్టమని మెయిల్ వచ్చింది, మోసమా నిజమా?

రెండూ ఉంటాయి. ముందు అందులోని లింకులు, అటాచ్‌మెంట్లు తెరవొద్దు, పంపిన సంస్థ సైట్‌కి విడిగా వెళ్ళి చూడండి. మీ పేజీలో ఆ ఫొటో నిజంగా ఉందా, ఎక్కడినుంచి తెచ్చారు, అప్పుడు లైసెన్సు ఏముంది, చూసుకోండి. ఉంటే తీసేయండి, కానీ తీసేసినంత మాత్రాన పాత వాడకం మాఫీ అవ్వదు. హక్కు వాళ్ళదేనని రుజువు అడగొచ్చు, అడిగిన మొత్తం మామూలు లైసెన్సు ధర కన్నా ఎన్నో రెట్లుంటే బేరం ఆడొచ్చు. ఏమీ పట్టనట్టు ఊరుకోవడమే అన్నిటికన్నా నష్టం.

నేను తీసిన ఫొటోనే ఎవరో స్క్రీన్‌షాట్ తీసి వాడుకుంటున్నారు, ఏం చేయాలి?

ముందు సాక్ష్యం, తర్వాతే మెసేజ్, ఎందుకంటే మీరు అడిగిన వెంటనే వాళ్ళు తీసేస్తే చూపించడానికి ఏమీ మిగలదు. అడ్రసు పట్టీ, తేదీ కనపడేలా పూర్తి పేజీ స్క్రీన్‌షాట్ తీయండి, అదే పేజీని, వెబ్ పేజీల పాత కాపీలు దాచే సైట్ వేబ్యాక్ మెషీన్‌లో 'సేవ్ పేజ్ నౌ' ద్వారా కూడా భద్రం చేయండి, మీరు కాకుండా మూడో సంస్థ దాచిన కాపీ కాబట్టి దానికి బరువు ఎక్కువ. ఫొటోతోనే వెతికే టిన్‌ఐ, గూగుల్ లెన్స్‌లో మీ ఫొటో పెట్టి వెతికితే ఇంకెక్కడెక్కడ ఉందో బయటపడుతుంది. మీ దగ్గరున్న ఒరిజినల్ ఫైల్, దానికి ముందూ వెనకా తీసిన షాట్లు పక్కన పెట్టుకోండి, స్క్రీన్‌షాట్ తీసినవాళ్ళ దగ్గర అవి ఉండవు, మీదేనని చెప్పడానికి అంతకన్నా గట్టి రుజువు లేదు.

తర్వాత మర్యాదగా ఒక మెయిల్, పేరు వేస్తారా, తీసేస్తారా, డబ్బిస్తారా అని మీకేం కావాలో సూటిగా చెప్పండి. స్పందన లేకపోతే ఆ సైట్‌లోనో, దాన్ని నడిపే హోస్టింగ్ కంపెనీ దగ్గరో కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంటుంది, మీ అసలు పేజీ లింక్, వాళ్ళ పేజీ లింక్ రెండూ ఇచ్చి నింపండి. అమెరికాలో పుట్టిన రచన అయితే అక్కడి కోర్టులో దావా వేయాలంటే ముందు రిజిస్ట్రేషన్ ఉండాలి, అందుకని అమ్ముకునే ఫొటోలు ఉన్నవాళ్ళు ముందే చేయించుకుంటారు.